ఆవు పాలు పిండటానికి పాఠ యోజన

కన్నడ బడిలో ముప్పై నాలుగేళ్ళ మేష్ట్రు ఉద్యోగంలో నేను రాసినన్ని పాఠ యోజనలు మా పావగడ తాలూకాలో ఇంకెవరూ రాసి ఉండరు. పాఠం చెప్పానా లేదా అన్నది తర్వాతి సంగతి. తనిఖీకి వచ్చిన అధికారి ముందుగా చూసేది పిల్లల మొహాలు కాదు, మా పుస్తకం. అందులో ఎడమవైపు ఉద్దేశం. దాని పక్కన కలికోపకరణలు, అంటే పాఠానికి కావలసిన సామాను. ఆ పక్కన చటువటికె, పిల్లల చేత చేయించే పని. చివర మౌల్యమాపన, వాళ్ళకేం వచ్చిందో చూసి రాసేది. గళ్ళు ఎర్ర సిరాతో, అక్షరాలు నీలం సిరాతో. ఒక అధికారి నా పుస్తకాన్ని తక్కిన బడుల వాళ్ళకు చూపిస్తానని పట్టుకుపోయాడు కూడా. ఈ పాఠం చెప్పావా అని ఆయన అడగలేదు. చెప్పలేదని నేనూ అనలేదు.

ఇలాంటి పండితుడు రిటైరయ్యాక ఊరికే కూర్చుంటాడా? కూర్చున్నాను. మా ఊళ్ళో మగవాళ్ళందరూ కూర్చునే ఉన్నారు. భూములన్నీ సోలారు కరెంటు పార్కు కింద కౌలుకు పోయాక సేద్యం అన్న మాట వినిపించడమే మానేసింది. తిరుమణి దగ్గర గట్టెక్కి చూస్తే కనుచూపు మేరా నల్లటి పలకలే. వాటి కింద ఎవరి చేను ఎక్కడో సేద్యం చేసినవాళ్ళకే తెలియదు. ఏడాదికోసారి కౌలు వస్తుంది. మిగతా రోజులన్నీ హోటలు బల్ల మీద గడిచిపోతాయి.

మాకున్నది ఏడెకరాలు. కాగితాల్లో అది నాది. కాగితం దాటి బయటికొస్తే మా ఆవిడది. విత్తింది, కలుపు తీసింది, శనక్కాయ పీకింది, వానలేని ఏళ్ళలో గట్టు మీద కూర్చుని మేఘాన్ని తిట్టింది ఆమే. నేను ఆదివారాల్లో గొడుగేసుకుని పోయి, "ఆ సాలు వంకరగా ఉండాది" అని చెప్పి వచ్చేవాణ్ణి. సోలారు కాగితాలతో మనుషులు ఇంటికొచ్చిన రోజు వాళ్ళకు కుర్చీలేసి, కన్నడంలో గంభీరంగా మాట్లాడి, అక్కడికక్కడే సంతకం పెట్టాను. ఆమె అప్పుడు చేలో ఉంది. సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పాను. ఎన్నేళ్ళకని అడిగింది. మనవడికి మీసాలొచ్చేదాకా అన్నాను.

"ఆవుకు కట్టె యాడనుంచి వస్తాది?" అని మాత్రం అడిగింది.

కాయ కోశాక ఆవు మేసే శనక్కాయ కట్టె గురించి అడిగింది కదా, పల్లెటూరి మనిషి, పెద్ద విషయాలు అర్థం కావు అనుకున్నాను. అలా అనుకున్నానని రాయడానికి ఈరోజు సిగ్గేస్తోంది.

ఆ ఆవు సంగతి చెప్పాలి. పెళ్ళినాడు ఆమెకు పుట్టింటివాళ్ళు ఒక పెయ్యదూడను ఇచ్చారు. వాళ్ళది ఒకప్పుడు మందలు తోలుకుని తిరిగిన ఇల్లు. ఆడపిల్లను పెయ్యతో పంపకపోతే పంపినట్టే కాదని వాళ్ళ లెక్క. ఆ పెయ్య పెరిగి ఈనింది, దాని కూతురు ఈనింది, ఇప్పుడు కొట్టంలో ఉన్నది ఐదో తరానిది. మధ్యలో సీమ జెర్సీ రక్తం కలిసి, అది నాటుదీ కాదు, సీమదీ కాదు. పొగరు మాత్రం అచ్చంగా పుట్టింటిదే. మా ఆవిడను తప్ప పొదుగు మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వదు. కట్టె లేకపోయినా ఆమె ఎండిన జొన్నసొప్ప కొని, తెల్లారి సోలారు గేటు దగ్గర నిలబడి, పలకల కింద మొలిచిన గడ్డి కోసుకోనివ్వమని కావలివాళ్ళను బతిమాలి దాన్ని మేపుకొచ్చింది. వీధిలో కొట్టాలన్నీ మోటార్ సైకిళ్ళు పెట్టుకునే షెడ్లయ్యాయి. మాది కొట్టంగానే మిగిలింది.

హిందూపురంలో ఇచ్చిన మా అమ్మాయికి రెండో కాన్పు దగ్గరపడింది. అత్త లేని ఇల్లు. మూడు నెలలు ఈమె పోయి ఉండక తప్పదు. కాపురానికొచ్చాక ఈమె ఒక రాత్రి మించి ఎక్కడా ఉండలేదు. ఎందుకంటే పొద్దునా సాయంత్రమూ పాలు పిండాలి.

"దాన్దేముండాది, అమ్మేద్దాం," అన్నాను నేను, పేపరు మీంచి తల ఎత్తకుండా.

గుడ్డ చింపే చప్పుడు వినపడక తల ఎత్తాను. అమ్మాయి కోసం పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు చేస్తోంది. చేతులు ఆగిపోయి ఉన్నాయి. భూమి పోయిన సాయంత్రం కూడా ఆ మొహం అంత పాలిపోలేదు. నాకు భయమేసింది. భయంలో నోరు జారింది.

"లేకుంటే నేను నేర్చుకుంటాలే పాలు పిండేది."

"నువ్వా?" అంది.

"ఏం, నాకు చేతుల్లేవా?"

"చేతులుండాయప్పా. సున్నం ముక్క పట్టుకునే చేతులు," అని నవ్వింది. అయినా ఆ నవ్వులో కొంచెం ఆశ ఉంది. రెండు నెలల గడువు ఉంది. అంత గడువుంటే ప్రపంచంలో ఏ విద్యనైనా పాఠ యోజనలో పెట్టవచ్చునని నా నమ్మకం.

మర్నాడే పావగడకు పోయి రెండు వందల పేజీల పుస్తకం, రెండు రంగుల పెన్నులు, ఒక స్కేలు తెచ్చాను. అట్ట మీద తాటికాయంత అక్షరాలతో పేరు రాశాను. ఎనిమిది వారాలు, వారానికొక ఘటకం, అంటే ఒక పాఠభాగం. మొదటి వారం: ఆవు, దాని జాతులు, అవయవాలు. పొదుగు బొమ్మ గీసి భాగాలు గుర్తించాను. రెండో వారం: ఫోనులో వీడియోలు. అందులో ఎక్కడివో కొండంత ఆవులు, ఇనుప గొట్టాలు తగిలించుకుని, హిందీ మాటలు వింటూ నిలబడి ఉన్నాయి. వాటి మీద నోట్సు రాసుకున్నాను. మూడో వారం: అభ్యాసం.

అభ్యాసం అంటే ఆవుతో కాదు. అంత తొందరేం వచ్చింది? పలకలు కడిగే కూలీల దగ్గర పాత రబ్బరు గ్లౌజు ఒకటి అడిగి తెచ్చి, నీళ్ళు నింపి, మూతి బిగించి, వేళ్ళ చివర పిన్నీసుతో పొడిచి, పందిరి గుంజకు వేలాడదీశాను. కింద చెంబు. స్టూలు మీద కూర్చుని పిండుతుంటే సన్నటి ధార పడింది. బ్రహ్మాండంగా పడింది. మా ఆవిడను పిలిచి చూపించాను. ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని కాసేపు చూసింది.

"నా ఆవుకు నాలుగేనప్పా. దీనికి ఐదుండాయి," అంది.

తర్వాత మెత్తగా, "రా, వచ్చి దాని పక్కన కూచో. ఊరికే చెయ్యెయ్యి. నీ చెయ్యి దానికి అలవాటు కావల్ల గదా," అంది.

"అది ఆరో వారంలో ఉండాది," అని పుస్తకం తెరిచి చూపించాను.

"ఆరో వారమని ఆవుకు తెలుసునా?"

చదువురాని వాళ్ళకు క్రమం విలువ తెలియదని సరిపెట్టుకున్నాను. నాలుగో వారంలో పశువుల ఆహారం, ఐదో వారంలో శుభ్రత. శుభ్రత పాఠం బాగా రాశాను. పాత్రలు, చేతులు, బట్టలు అన్నీ వేడినీళ్ళతో, సబ్బుతో కడగాలని కింద గీత కూడా గీశాను. ఆ గీత కథ తర్వాత వస్తుంది. రోజూ పొద్దున ఆమె కొట్టంలోకి పోతూ ఒకసారి నా వైపు చూసేది. నేను గళ్ళు గీస్తూ ఉండేవాణ్ణి. ఆరంభశూరత్వం అంటారు. నాది ఆరంభం కూడా కాదు, ఆరంభానికి ముందు గీతల శూరత్వం.

ఐదో వారం మధ్యలో అల్లుడు ఫోను చేశాడు. నొప్పులు ముందే వచ్చాయి. ఆసుపత్రిలో చేర్చారు. ఈమె మధ్యాహ్నం బస్సుకే బయలుదేరింది. సంచి చేత పట్టుకుని కొట్టంలోకి పోయి, ఆవు మెడ కింద గోకుతూ నిలబడింది. బస్సు హారన్ వినపడింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"నేనొచ్చేతలికి ఇది ఈడే ఉండల్ల. అమ్మినావంటే నేనింగ ఈ ఇంటికి రాను," అంది. గట్టిగా అనలేదు. మామూలుగానే అంది. అందుకే నమ్మాను.

ఆ సాయంత్రం చెంబు, స్టూలు, పుస్తకం పట్టుకుని కొట్టంలో అడుగుపెట్టాను. దూడను విప్పి కాసేపు కుడవనిచ్చి, లాగి కట్టి, కూర్చుని చెయ్యి వేశాను. ఆవు తల తిప్పి నన్ను చూసింది. పిలవని పెళ్ళికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసింది. బడి గంట తాడు లాగినట్టు లాగాను. ఒక్క తన్ను. చెంబు ఒక దిక్కు, స్టూలు ఒక దిక్కు, పుస్తకం పేడలో, నేను గోడ దగ్గర. పాలిచ్చే ఆవు తన్నినా భరించాలంటారు. ఇది పాలివ్వకుండానే తన్నింది.

చప్పుడు విని పక్కింటి అవ్వ వచ్చింది. అవ్వదీ ఒకప్పటి గొర్రెల ఇల్లే. ఇప్పుడు కొడుకులిద్దరూ పలకలు కడిగే పనికి పోతారు. అవ్వ నన్ను లేపలేదు. ముందు ఆవు కాలు చూసింది, దానికేమైనా తగిలిందేమోనని.

"ఏమప్పా మేష్ట్రూ, పంచె కట్టుకోని వచ్చి కూచుంటే అది చేపుతాదా? మేకుకుండాదే, ఆ చీర కట్టుకో."

కొట్టం గోడకు మేకు ఉంది. మేకుకు మా ఆవిడ పాత చీర ఉంది. పాలు పిండేటప్పుడు మాత్రం ఒంటికి చుట్టుకునే నూలు చీర. ఏనాటి పచ్చరంగో వెలిసి గడ్డి రంగైపోయింది. పేడ, పాలు, చెమట, తౌడు అన్నీ కలిసిన వాసన. ఆ వాసన వస్తేనే ఆవు పాలు కిందికి వదులుతుంది. ఇంట్లో ఆడమనిషి ఊరికి పోతే మగవాడు ఆమె చీర చుట్టుకుని పిండటం ఈ సీమలో పశువులున్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతేనట. నాకు తెలియదు. నా పుస్తకంలో ఎక్కడా లేదు.

"నేను హెడ్‌మాస్టరుగా రిటైరైన మనిషిని అవ్వా," అన్నాను.

"ఆవుకు చెప్పు ఆ మాట," అంది.

కట్టుకున్నాను. అవ్వే కొంగు తల మీదుగా కప్పింది. ఆవు మోర చాచి నా భుజం వాసన చూసి, ముక్కుతో ఒక ఊపిరి వదిలి, మేత గాడిలోకి తల పెట్టుకుంది. పొదుగు నా చేతి కింద మెల్లగా నిండింది. అవ్వ నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి, బొటనవేలు పైన బిగించి కిందికి పిండటం చూపించింది. దానికి పట్టిన సమయం రెండు నిమిషాలు. నేను దాని చుట్టూ ఐదు వారాలు గళ్ళు గీశాను. చెంబులో సగం పాలు పడేసరికి పొద్దు మునిగింది. ఇంట్లోకి పోయి, పుస్తకం పేడ తుడిచి, కలికోపకరణల గడిలో "చీర, ఒకటి" అని రాశాను.

రెండు రోజుల్లో ఊరంతటికీ తెలిసింది. పాల డైరీలో పాలు పోయడానికి పోతే ముందున్నవాడు పక్కకు జరిగి, "ఆడోళ్ళను ముందు పోనీండప్పా," అన్నాడు. అందరూ నవ్వారు. సోలారు గేటు దగ్గర కావలివాడు నా దగ్గర ఏడో తరగతి చదివినవాడే. గడ్డికి పోతే చేతులు కట్టుకుని నిలబడి, "సార్, లోపలికి పోవల్లంటే ఐడీ కార్డు కావల్ల సార్," అన్నాడు.

"లోపల నా చేనుండాదప్పా."

"చేను మీదే సార్. కార్డు లేదు గదా," అన్నాడు వినయంగా. వినయం నేర్పింది నేనే. మా ఆవిడ ఇన్నేళ్ళుగా ఇక్కడ నిలబడి ఎన్నిసార్లు ఈ మాట విన్నదో అప్పుడు తట్టింది. ఇంటికొచ్చి ఆమె ఏనాడూ చెప్పలేదు. నేనూ గడ్డి ఎక్కడిదని అడగలేదు. చివరికి జాలిపడి పక్క గేటు తీశాడు.

రోజూ సాయంత్రం ఆమె ఫోను. మనవరాలు పుట్టింది. మనవరాలిని నాకు చూపించి, ఆవును తనకు చూపించమనేది. నేను చీర కనపడకుండా ఫోను వంకరగా పట్టుకుని ఆవు మొహం మాత్రం చూపించేవాణ్ణి. "చిక్కలేదు గదా?" అనేది. "లేదు," అనేవాణ్ణి. అంతకంటే మాకు మాటలుండేవి కావు. అయినా రోజూ అదే మాట్లాడుకున్నాం.

పదో రోజున నా తెలివి మళ్ళీ తిరగబడింది. శుభ్రత పాఠం గుర్తొచ్చింది. గీత గీసి మరీ రాసుకున్నాను కదా. చీరను వేడినీళ్ళలో నానబెట్టి, రెండు పిడికిళ్ళ సబ్బుపొడి వేసి, బండ మీద ఉతికి ఆరేశాను. మల్లెపూల వాసన వచ్చింది. సాయంత్రం కట్టుకుని కూర్చున్నాను. ఆవు వాసన చూసి నాలుగడుగులు వెనక్కి వేసింది. దూడను వదిలాను, బతిమాలాను, తౌడు పెట్టాను. ఒక్క చుక్క లేదు. అవ్వ వచ్చి చీర కొస ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఉతికినావా?" అంది. తలూపాను. "ముప్పై ఏండ్లు కొట్టంలోకి తొంగి చూడల్యా. ఇప్పుడొచ్చి ఆమె ముప్పై ఏండ్లూ బండమీద ఉతికిపారేసినావు గదప్పా," అని పోయింది.

ఆ రాత్రి మళ్ళీ పుస్తకం తిరగేశాను. పాలు నిలిచిపోతే పొదుగు గట్టిపడుతుందని, ఆవు పాడైపోతుందని నేనే మొదటి వారంలో రాసుకున్నాను. దూడ తాగినంత తాగుతోంది కాబట్టి ప్రాణం నిలిచింది. ఆమెకు ఫోనులో బాగుందని అబద్ధం చెప్పాను. పశువుల బేరగాడు ఒకడు వాసన పసిగట్టి ఇంటి ముందుకొచ్చాడు. "కన్నడం మేష్ట్రుకు ఆవెందుకు, ఇచ్చేయి సార్," అన్నాడు. ఇచ్చేస్తే ఈ ఇంటికి ఇక ఆమె రాదు. వాణ్ణి పంపేసి, పుస్తకాన్ని బియ్యం డబ్బా మీద పడేసి, కొట్టంలోకి పోయి కూర్చున్నాను. ఈసారి స్టూలు కూడా లేదు, నేల మీదే.

ఇక ఆ చీర విప్పలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా భుజం మీదే ఉంచుకున్నాను. దాంతోనే గడ్డి మోశాను, పేడ ఎత్తాను, చెమట తుడుచుకున్నాను, మోకాళ్ళకు నొప్పుల మందు రాసుకున్న చేతులు తుడుచుకున్నాను. ఆవు ఒంటికి రుద్దాను. ఏం మాట్లాడాలో తెలియక దానికి ఎక్కాలు చెప్పాను. పన్నెండో ఎక్కం దాకా ఓపికగా వింది. బడిలో అంత ఓపికగా విన్నవాళ్ళు లేరు. నాలుగో రోజు సాయంత్రం చెయ్యి వేస్తే తన్నలేదు. ఐదో రోజు పొదుగు నిండింది. మొదటి ధార చెంబు అడుగున పడి చప్పుడైనప్పుడు నాకు ఏడుపొచ్చింది. సంతోషం పట్టలేకపోయాను. బతుకులో ఒక్క పనైనా ఇంకొకరికి చెప్పకముందు నేను నేర్చుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే మనిషిననిపించుకునేవాణ్ణి. రెండు నెలలు గడిచేసరికి మళ్ళీ మేష్ట్రునైపోయాను. పాల డైరీలో జనానికి పాలు పిండే విధానం మీద ఉపన్యాసం ఇచ్చాను. పుస్తకం దుమ్ము దులిపి, మౌల్యమాపన గడిలో ఎర్ర సిరాతో "ఉత్తీర్ణ" అని రాసి, కింద నా సంతకం నేనే పెట్టుకున్నాను. ఆమె వస్తే చూపించాలని కొట్టం తలుపు పక్కనే పెట్టాను.

మూడో నెల ఆఖర్లో ఆమె వచ్చింది. సంచి అరుగు మీద పడేసింది. నీళ్ళు తాగలేదు, నన్ను పలకరించలేదు, అమ్మాయి పెట్టిన కొత్త చీరతోనే నేరుగా కొట్టంలోకి పోయింది. ఆవు అక్కడే ఉంది. దాని గంగడోలు నిమిరింది, నుదుటికి నుదురు ఆనించింది. మేకు వైపు చూసింది. మేకుకు చీర లేదు. "దానికి నేను తెలీదా ఏంది," అంటూ చెంబు అందుకుని కూర్చుంది.

ఆవు పక్కకు జరిగింది. ఆమె నవ్వి దగ్గరికి జరిగింది. ఆవు కాలు విదిల్చింది. దూడను వదిలింది, లాగింది, మళ్ళీ చెయ్యి వేసింది. "బా తల్లీ, రా, నేనే," అంది. అది తల తిప్పి, ఆమెను దాటి, తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు మోర చాచింది.

ఆమె చెంబు కింద పెట్టి నా వైపు తిరిగింది. పుస్తకం చూపించడానికి చాచిన నా చెయ్యి మధ్యలో ఆగింది. ఆ చేతి మీదే చీర వేలాడుతోంది. అప్పుడు చూసింది దాన్ని.

"భూమి నన్ను అడక్కుండా ఇచ్చేసినావు. పోనీలే, కాగితంలో నీ పేరుండాది అనుకుంటి," అంది. "ఇది ఒక్కటి నాదనుకుంటినప్పా."

"అమ్మొద్దంటివి గదా, అందుకే..." అన్నాను.

"ఆ చీర ఇట్లియ్యి."

ఇచ్చాను. కొత్త చీర మీదే చుట్టుకుంది. కొంగు ముక్కు దగ్గరికొచ్చేసరికి మొహం ఒక పక్కకు తిప్పుకుంది. నొప్పుల మందు, నా చెమట. ఆవు మోర చాచి ఆమె భుజం వాసన చూసి, గాడిలోకి తల పెట్టుకుంది. పాలు చేపింది. ఆమె పిండుతూనే, నా చేతిలో పుస్తకం వైపు చూడకుండా అడిగింది.

"ఏం మేష్ట్రూ, నా ఆవును నేను నేర్చుకునేదానికి ఎన్ని వారాలు రాసినావు అందులో?"

ముప్పై ఏళ్ళ పైచిలుకు కాపురంలో ఆమె నన్ను మేష్ట్రూ అని పిలవడం అదే మొదటిసారి. నేను పుస్తకం మూసి, దూడను పట్టుకుని నిలబడ్డాను.